20 టన్నుల పొక్లెయిన్‌కి సొంత ట్రైలర్: ఎన్ని యాక్సిల్స్, ఎలాంటి డెక్?

#1 ఖమ్మం పొక్లెయిన్

అందరికీ నమస్కారం. మాకు 20 టన్నుల క్లాస్ పొక్లెయిన్ ఒకటి, దానికి రాక్ బ్రేకర్ ఉన్నాయి. పని ఒకచోట కుదురుగా ఉండదు. ఎండాకాలం పశ్చిమ గోదావరి వైపు చేపల చెరువులు తవ్వుతాం. మిగతా రోజుల్లో ఖమ్మం చుట్టుపక్కల క్వారీలు, రోడ్డు పనులు. ఇప్పటిదాకా కిరాయి ట్రైలర్ మీదే నడిపించాం. సీజన్‌లో ట్రైలర్ దొరకదు. పని అయిపోయిన చోటే మిషన్ నిలబడిపోతుంది, ఈలోపు అవతలివాళ్లు ఇంకొకరి మిషన్ పెట్టుకుంటారు. అందుకే ఈ ఏడాది సొంతంగా తీసుకుందామని ఇంట్లో అందరం అనుకున్నాం.

మూడు దారులు కనపడుతున్నాయి. 12 టైర్ల లారీ తీసుకుని ర్యాంప్ బాడీ కట్టించడం. లేదా పుల్లర్‌కి, అంటే ట్రైలర్‌ని లాగే ముందు బండికి, రెండు యాక్సిల్స్ సెమీ లోబెడ్, అంటే మిషన్ నిలబడే డెక్ తక్కువ ఎత్తులో ఉండే ట్రైలర్. లేదా అదే పుల్లర్‌కి మూడు యాక్సిల్స్ లోబెడ్. బాడీ కట్టేవాళ్లను అడిగితే ఒకాయన రెండు యాక్సిల్స్ చాలు, 40 టన్నులు మోస్తుందని ధీమాగా చెప్పాడు. ఇంకొకాయన మూడు లేకుండా వద్దన్నాడు. రోజూ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

#2 గ్రానైట్ లోడ్

తమ్ముడూ, "40 టన్నులు మోస్తుంది" అనే మాట ముందు పక్కన పెట్టు. ఇనుము మోస్తుంది, అందులో అనుమానం లేదు. బ్రేకులు, టైర్లు, రోడ్డు చట్టం కూడా మోయాలి కదా. మేం కరీంనగర్ వైపు బండలు, మిషన్లు రెండూ తిప్పుతాం. ఒక కాగితం తీసుకుని ఈ లెక్క వేసుకో.

2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది. ముందు స్టీరింగ్ యాక్సిల్‌కి 7 టన్నులు. నాలుగు టైర్లున్న సింగిల్ యాక్సిల్‌కి 11.5. జంట యాక్సిల్‌కి 21. మూడు కలిసి ఉంటే 27. ఏ బండి అయినా ఈ నాలుగు అంకెలతోనే తేలిపోతుంది.

10 టైర్ల లారీ అంటే 7, 21 కలిపి 28 టన్నులు. ర్యాంప్, బాడీతో ఖాళీ బండే పది టన్నుల దగ్గర ఉంటుంది. మిగిలేది 18. నీ మిషన్ దాని మీద ఎక్కకూడదు. ఎక్కించి తిప్పేవాళ్లు రోజూ కనపడతారు, అది వేరే సంగతి.

12 టైర్లకి 7, 7, 21, మొత్తం 35. ఖాళీ బరువు 11 నుంచి 12 పోతే 23, 24 మిగులుతాయి. మిషన్ 20 నుంచి 21, బ్రేకర్ ఒకటిన్నర నుంచి రెండు, అదనపు బకెట్ దాదాపు టన్ను, పైన డీజిల్ డ్రమ్ములు. అంచుదాకా వచ్చేసింది.

రెండు యాక్సిల్స్ పుల్లర్‌కి రెండు యాక్సిల్స్ ట్రైలర్ తగిలిస్తే 7, 11.5, 21, అంటే 39.5. పుల్లర్ ఏడు టన్నులు, లోబెడ్ ఏడెనిమిది అనుకో. 25 దాకా మిగులుతుంది. అదే పుల్లర్‌కి మూడు యాక్సిల్స్ అయితే మొత్తం 45.5, ట్రైలర్ బరువు కాస్త పెరిగినా 29 పైన మిగులుతుంది.

మొత్తం చూస్తే రెండు యాక్సిల్స్ చాలినట్టే కనపడుతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. లోబెడ్‌లో ముందు భాగం, గూస్‌నెక్, ఎత్తుగా ఉంటుంది. మిషన్ దాని మీదకి వెళ్లదు, మెట్టు దిగాక వెనకాల కూర్చుంటుంది. అంటే బరువు వెనక యాక్సిల్స్ వైపు జరిగిపోతుంది. ఉదాహరణకి బ్రేకర్‌తో కలిపి లోడ్ 23.5 టన్నులు అనుకో. అందులో 70 శాతం వెనక్కి పడితే 16.5. ట్రైలర్ సొంత బరువులో వెనక వాటా ఐదు టన్నులు. కలిపితే 21.5. జంట యాక్సిల్ హద్దు 21. మొత్తం కాటా సరిగ్గానే ఉంటుంది, వెనక యాక్సిల్స్ మాత్రం హద్దు దాటేశాయి. వేసవిలో టైర్లు పేలేదీ, బేరింగులు కాలేదీ ఈ పరిస్థితిలోనే.

బ్రేకర్ లేకుండా వట్టి మిషన్ అయితే రెండు యాక్సిల్స్ సరిపోతాయి. నీకు బ్రేకర్ ఉంది కాబట్టి నా ఓటు మూడుకే.

#3 చెరువు గట్టు

అన్నా, ఆయన లెక్క బాగుంది గానీ మా భీమవరం, ఆకివీడు వైపు చెరువుల దగ్గరికి ఆ పొడవు బండి ఎలా వస్తుంది? ఊరి రోడ్డు 3.75 మీటర్లు. రెండు పక్కలా పంట బోదెలు. మలుపు దగ్గర ట్రైలర్ వెనక టైర్లు లోపలికి కోస్తాయి, బోదె అంచు విరుగుతుంది. పెద్ద ట్రైలర్లు చాలావరకు మెయిన్ రోడ్డు మీదే మిషన్ దింపేస్తాయి. అక్కడి నుంచి చైన్ మీద నడిపించుకుని రావాలి, తారు రోడ్డు చెడిపోతుందని ఊరివాళ్లు అడ్డం పడతారు. న్యాయమే కదా, ఆ రోడ్డు వాళ్లకి ఎన్నేళ్లకి పడిందో.

#4 ఆటోనగర్ వెల్డర్

నేను విజయవాడ ఆటోనగర్‌లో ట్రైలర్ బాడీ పని చేస్తాను. ఖమ్మం అన్నగారూ, యాక్సిల్స్ సంగతి గ్రానైట్ అన్న చెప్పారు. నేను డెక్, ర్యాంప్ గురించి చెప్తా. చాలామంది ఈ రెండూ చూడకుండా రంగు చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

ముందు ఎత్తు. మడిచిన బూమ్‌తో (మిషన్ పెద్ద చెయ్యి) 20 టన్నుల మిషన్ ఎత్తు దాదాపు 3 మీటర్లు. మామూలు ఫ్లాట్ ట్రైలర్ డెక్ నేల నుంచి మీటరున్నర ఉంటుంది, పైకి 4.5 అవుతుంది. సెమీ లోబెడ్ డెక్ మీటరు, కాస్త అటూఇటూ. అంటే 4, 4.1 దగ్గర ఆగుతుంది. ఆ అర మీటరు తేడానే కరెంటు తీగల కింద, రైల్వే గేటు దగ్గర ఎత్తు చూపే ఇనప దూలం కింద, చెట్ల కొమ్మల కింద మిమ్మల్ని కాపాడుతుంది. 12 టైర్ల లారీ మీద డెక్ కట్టినా ఎత్తే. మిషన్ పైకి ఎక్కిన కొద్దీ మలుపులో ఊగుతుంది.

తర్వాత ర్యాంప్. పొక్లెయిన్ ఎక్కించే వాలు 15 డిగ్రీలు దాటకూడదు. డెక్ మీటరు ఎత్తు ఉంటే, ఆ వాలు రావడానికి దాదాపు 3.9 మీటర్ల పొడవు కావాలి. ర్యాంపే అంత పొడవు ఉండక్కర్లేదు, డెక్ వెనక భాగాన్ని వాలుగా కోసి మిగతాది ర్యాంప్‌తో పూర్తి చేస్తాం. కొందరు ఖర్చు తగ్గించడానికి రెండు మీటర్ల ర్యాంప్ పెట్టి ఇస్తారు. మిషన్ మధ్య బరువు అంచు దాటే క్షణంలో ముందుకి ధబేలుమని పడుతుంది. ఆ దెబ్బ రోజూ తింటే ఛాసీ వెల్డింగ్ నిలవదు.

డెక్ మీద గీతల ప్లేట్ వేస్తే వాన పడ్డప్పుడు ఇనప చైన్ దాని మీద జారుతుంది. ర్యాంప్ మీద అడ్డంగా పట్టీలు వెల్డ్ చేయించండి, డెక్ మీద గట్టి చెక్క పలకలు వేయించండి. చెక్కలో చైన్ పళ్లు దిగుతాయి, జారదు. అరిగితే పలక మార్చుకోవచ్చు.

హైడ్రాలిక్ ర్యాంప్ కావాలా అని అడుగుతారు. ఒక్క డ్రైవరే బండి తీసుకెళ్లే పరిస్థితి ఉంటే కావాలి. స్ప్రింగ్ ర్యాంప్ ఇద్దరు మనుషులు ఎత్తగలరు, కానీ స్ప్రింగ్ తెగితే కాలు పోతుంది. స్ప్రింగ్ ఉన్నా గొలుసు కట్టే ఏర్పాటు తప్పకుండా చేయించుకోండి.

#5 ఖమ్మం పొక్లెయిన్

గ్రానైట్ అన్నా, వెల్డర్ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు మీ ఇద్దరికీ దండాలు. మాది లాంగ్ క్యారేజ్, అంటే చైన్ ఫ్రేమ్ పొడవుగా ఉండే మిషన్, చైన్ల బయటి అంచు నుంచి అంచుకి 3 మీటర్లకి కొంచెం తక్కువ. డెక్ 2.6 వెడల్పే కట్టిస్తామంటున్నారు. 3 మీటర్లు కట్టించుకోవచ్చా? టోల్ సంగతి ఏంటి, మూడు యాక్సిల్స్‌కి ఎక్కువ పడుతుందా?

#6 కాగితాల పని

టోల్ ముందు. జాతీయ రహదారుల మీద 4 నుంచి 6 యాక్సిల్స్ దాకా ఒకటే తరగతి. పుల్లర్‌తో కలిపి రెండు యాక్సిల్స్ ట్రైలర్ 4, మూడు యాక్సిల్స్‌ది 5. 12 టైర్ల లారీ కూడా 4. మూడింటికీ ఒకే రేటు. టోల్ చూసి రెండు యాక్సిల్స్ వైపు వెళ్లొద్దు.

వెడల్పు. రోడ్డు మీద బండి వెడల్పు హద్దు 2.6 మీటర్లు. 3 మీటర్ల డెక్ కట్టిస్తే ఖాళీగా వస్తున్నప్పుడు కూడా మీది హద్దు దాటిన బండే. 2.6 డెక్ మీద మీ మిషన్ ఎక్కితే ఒక్కో పక్క 20 సెంటీమీటర్ల చైన్ బయటికి ఉంటుంది. అదీ హద్దు దాటిన లోడే. ఓడీసీ పర్మిషన్, అంటే కొలతల హద్దు దాటిన లోడ్‌కి అనుమతి, తీసుకోవాలి, కేంద్ర రవాణా శాఖ ఆన్‌లైన్‌లోనే ఇస్తుంది. తీసుకోకుండా తిప్పితే సెక్షన్ 194 కింద, లోడ్ పక్కలకి గానీ పైకి గానీ పొడుచుకొచ్చినందుకు 20 వేలు. బరువు ఎక్కువైతే మళ్లీ 20 వేలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2 వేలు, దింపించే ఖర్చు మీదే. 2019 సవరణ చట్టంలోని అంకెలివి.

ఇంకో ముఖ్యమైన మాట. ట్రైలర్ల ప్రమాణమైన ఏఐఎస్-113 ప్రకారం టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కి పరీక్ష చేసి ఇచ్చిన ఆమోదం, ఉన్న తయారీదారు దగ్గరే కొనండి. పక్క షెడ్డులో చవగ్గా కట్టించుకుని రిజిస్ట్రేషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. లోన్ కూడా ఆ కాగితం లేకపోతే ముందుకు కదలదు.

#7 ఆటోనగర్ వెల్డర్

ఆయన చెప్పింది నిజం, మా వీధిలో పని చేస్తూ నేనే ఈ మాట ఒప్పుకుంటున్నా. వెడల్పు విషయానికి ఒక ఉపాయం ఉంది. 2.6 డెక్ కట్టించి, రెండు పక్కలా బయటికి లాగే బ్రాకెట్లు పెట్టించండి. మిషన్ ఎక్కేటప్పుడు లాగి వాటి మీద మందపాటి చెక్కలు వేస్తే ఆ 20 సెంటీమీటర్ల చైన్ కింద కూడా ఆధారం ఉంటుంది. ఖాళీగా వచ్చేటప్పుడు లోపలికి నెట్టేస్తే బండి 2.6లోకి వచ్చేస్తుంది. బ్రాకెట్లు లేకుండా చైన్ బూటు సగం గాల్లో ఉంటే డెక్ అంచు దూలం నెమ్మదిగా కిందికి వంగుతుంది. రిపేరుకి వచ్చే పాత ట్రైలర్లలో ఎక్కువగా కనపడేది ఈ దెబ్బే.

#8 జగిత్యాల స్టీరింగ్

అందరికి నమస్తే. నేను సౌదీలో లోబెడ్ నడిపి వచ్చిన, ఇప్పుడు ఇక్కడ కిరాయి ట్రైలర్ మీద ఉన్న. ట్రైలర్ ఎంత మంచిదైనా ఎక్కించే పద్ధతి తెలియకపోతే దండగ, అందుకే రాస్తున్న.

బండి సమతలం మీద ఆపాలి. పుల్లర్ హ్యాండ్ బ్రేక్, ట్రైలర్ బ్రేక్, టైర్ల కింద అడ్డాలు. ర్యాంప్ మీద మట్టి, ఆయిల్ ఉంటే ముందు తుడవాలి. ఆపరేటర్ బూమ్ ముందుకి పెట్టి, బకెట్ కిందికి దింపి, స్లో స్పీడ్‌లో నేరుగా ఎక్కాలి. ర్యాంప్ మీద ఉండగా స్టీరింగ్ కొట్టొద్దు. పక్కకి పోతే కిందికి దిగి మళ్లీ సరిచేసుకోవాలి, అక్కడే తిప్పితే చైన్ అంచు దాటుతుంది. ఎక్కేటప్పుడు ఎదురుగా ఒక్కడే సైగ చేయాలి. నలుగురు నాలుగు దిక్కుల నుంచి "రా రా" అంటే ఆపరేటర్‌కి టెన్షన్.

పైకి వచ్చినంక ఎక్కడ ఆపాలో డెక్ మీద పెయింట్‌తో గీత పెట్టుకోవాలి. గ్రానైట్ అన్న చెప్పిన 70 శాతం లెక్క ఈ గీతతోనే అదుపులో ఉంటుంది. ఒక్కసారి లోడ్‌తో ధర్మకాటాకి తీసుకపోయి, ముందు పుల్లర్ యాక్సిల్స్ మాత్రమే కాటా మీద పెట్టి తూకం, తర్వాత ట్రైలర్ యాక్సిల్స్ మాత్రమే పెట్టి తూకం వేయించండి. వెనక ఎక్కువుంటే మిషన్ ముందుకి జరపండి, సరైన చోట గీత కొట్టండి. ఆ తర్వాత ఏ ఆపరేటర్ వచ్చినా చైన్ ఆ గీత దగ్గరే ఆగుతుంది.

కట్టడం. నాలుగు మూలలకి నాలుగు గొలుసులు, ముందువి ముందుకి, వెనకవి వెనక్కి లాగేటట్టు. మిషన్ పైభాగం తిరగకుండా స్వింగ్ లాక్ వేయాలి. బకెట్ కింద చెక్క పెట్టి దానిమీద ఆనించాలి. బ్రేకర్ విడిగా ఉంటే దానికి వేరే గొలుసు. కొద్ది దూరం పోయినంక ఆపి మళ్లీ బిగించాలి, మొదటి కుదుపులకి గొలుసు వదులవుతుంది. ఇక్కడ చాలామంది మిషన్ బరువుకి అదే కదలదని వట్టిగనే తీసుకపోతారు. సడన్ బ్రేక్ కొడితే 20 టన్నులు క్యాబిన్ మీదికే వస్తాయి. దయచేసి అట్ల చేయకండి.

ఇంకోటి, కరెంటు తీగలు. ఊళ్లలో 11 కేవీ లైన్ కిందికి వేలాడుతుంటే క్లీనర్ మిషన్ మీదికెక్కి కట్టెతో లేపుతాడు. ప్రాణం పోతుంది. లైన్‌మన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపినట్టు క్లియరెన్స్, తీసుకున్నాకే దాటండి, గంట ఆలస్యమైతే కానీ.

#9 వరి కోత మిషన్

మా చైన్ హార్వెస్టర్ మూడు టన్నుల పైచిలుకే, రబ్బరు చైన్. దానికి ఇంత అక్కర్లేదు, డీసీఎం బండి చాలు. ఖమ్మం అన్న సీజన్ కానప్పుడు లోబెడ్ మీద ఇలాంటి చిన్న మిషన్లు రెండు వేసుకుని కిరాయికి తిప్పుకోవచ్చు. డెక్ పొడవు నిర్ణయించేటప్పుడు అది కూడా చూసుకోండి.

#10 ఏజెన్సీ రోడ్డు

నేను గ్రానైట్ అన్నతో పూర్తిగా ఏకీభవించను. ఖమ్మం వాళ్లకి భద్రాచలం దాటితే చింతూరు, అక్కడి నుంచి మారేడుమిల్లి ఘాట్. ఆ వంపుల్లో పొడవు ట్రైలర్ ఒక్క తిప్పులో తిరగదు. ముందుకీ వెనక్కీ తీస్తుంటే అటూఇటూ ట్రాఫిక్ ఆగిపోతుంది, వాన ఉంటే ఇంకా కష్టం. అక్కడ 12 టైర్ల లారీయే దారి. బ్రేకర్‌ని వేరే బండిలో పంపిస్తే బరువు కూడా 35లోపే ఉంటుంది. ట్రైలర్ కొని లోపలికి వెళ్లలేక మళ్లీ కిరాయి లారీ వెతుక్కోవడం ఎందుకు?

#11 గ్రానైట్ లోడ్

మీ మాటలో నిజం ఉందన్నా. ఘాట్ పని ఎక్కువ ఉన్నవాళ్లకి నేనూ లారీయే చెప్తాను. కానీ ఈ తమ్ముడి పని రెండు చోట్లే: డెల్టా, ఖమ్మం క్వారీలు. క్వారీ దారి వెడల్పుగానే ఉంటుంది, టిప్పర్లు తిరిగే దారి. సమస్య డెల్టాలోనే. దానికి చెరువు గట్టు తమ్ముడు చెప్పిన మలుపులు చూసి ట్రైలర్ పొడవు తగ్గించుకోవాలి. 20 టన్నుల మిషన్ చైన్ పొడవు నాలుగున్నర మీటర్ల లోపే. పన్నెండు, పదమూడు మీటర్ల ట్రైలర్ ఎందుకు? గూస్‌నెక్, మిషన్, వెనక వాలు కలిపి ఎంత అవసరమో అంతే కట్టించుకో. పొట్టి ట్రైలర్ మలుపులో తక్కువ కోస్తుంది. వరి కోత అన్న చెప్పిన రెండో మిషన్ కిరాయి ఆశతో పొడవు పెంచితే ఏడాదంతా మలుపుల దగ్గర కష్టపడాలి.

మూడు యాక్సిల్స్‌లో ఇబ్బంది కూడా చెప్పాలి. మలుపులో మూడో యాక్సిల్ టైర్లు రోడ్డు మీద పక్కకి రాసుకుంటాయి, త్వరగా అరుగుతాయి. ట్రైలర్‌కే 12 టైర్లు, రెండు యాక్సిల్స్‌లో 8. ఖాళీగా వచ్చేటప్పుడు ఒక యాక్సిల్ పైకి ఎత్తే ఏర్పాటు ఉంటే పెట్టించు, టైరు ఖర్చు తగ్గుతుంది.

#12 చెరువు గట్టు

పొట్టి ట్రైలర్ అయితే మా వైపు చాలా ఊళ్లలోకి వస్తుంది. ఒక్కటే చూసుకోండి. ఈ మధ్య రైల్వే గేట్లు తీసేసి చాలాచోట్ల కింద నుంచి అండర్‌పాస్‌లు కట్టారు. వాటి ముందు ఎత్తు రాసి ఉంటుంది, లోబెడ్ మీద ఉన్న పొక్లెయిన్ చాలావాటిలో పట్టదు. లోడ్‌తో వచ్చే ముందు ఎవరినైనా బైక్ మీద ఆ దారిలో పంపించండి. అండర్‌పాస్, వేలాడే తీగలు, వంతెన దగ్గర బరువు బోర్డు, మలుపులో కరెంటు స్తంభం, ఈ నాలుగూ చూసి ఫోన్‌లో ఫొటోలు తీసి పంపితే చాలు.

#13 గట్టి బోల్టు

సెకండ్ హ్యాండ్ చూస్తున్నారా అన్నా? చూస్తే గూస్‌నెక్ వంగే మూల దగ్గర రంగు గీకండి. కిరోసిన్ రాసి తుడిచేసి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే కిరోసిన్ గీతలా పైకి తేలుతుంది. తర్వాత దూరంగా నిలబడి పక్క నుంచి చూడండి. ఖాళీ ట్రైలర్ డెక్ మధ్యలో విల్లులా కొంచెం పైకి ఉండాలి. ఖాళీగానే కిందికి వంగి ఉందంటే దాని పని అయిపోయింది. టైర్లు ఒక అంచున మాత్రమే అరిగితే యాక్సిల్స్ వరస తప్పాయి. కొత్త రంగు వేసిన ట్రైలర్‌ని అస్సలు నమ్మొద్దు.

#14 కాగితాల పని

ఇన్సూరెన్స్ ఒక్కటి మిగిలింది. పొక్లెయిన్‌కి సీపీఎం (కాంట్రాక్టర్ల ప్లాంట్, మెషినరీ) పాలసీ ఉంటుంది, దానితో అంతా కవర్ అయిందనుకుంటారు. ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు జరిగే నష్టం మామూలుగా అందులోకి రాదు, అదనంగా చేర్పించుకోవాలి. ట్రైలర్ పాలసీ ట్రైలర్‌కే, పైనున్న మిషన్‌కి కాదు. సొంత ట్రైలర్ కొన్న రోజే ఏజెంట్‌ని కూర్చోబెట్టి ఈ మాట పాలసీలో రాయించుకోండి. కిరాయికి వేరేవాళ్ల మిషన్ ఎక్కిస్తే దాని సంగతి మళ్లీ వేరు.

#15 ఖమ్మం పొక్లెయిన్

ఇంట్లో కూర్చుని ఇవన్నీ కాగితం మీద పెట్టాం. కొత్తదే తీసుకుంటున్నాం. మూడు యాక్సిల్స్, పొట్టి డెక్, 2.6 వెడల్పు, పక్కలకి లాగే బ్రాకెట్లు, చెక్క పలకలు, ఒక యాక్సిల్ పైకి ఎత్తే ఏర్పాటు. మా నాన్న, ఆపరేటర్, క్లీనర్ ముగ్గురూ హైడ్రాలిక్ ర్యాంపే కావాలన్నారు, అదీ పెట్టిస్తున్నాం. ఘాట్ పని వచ్చినప్పుడు లారీ కిరాయికి తీసుకుంటాం. పుల్లర్ మాత్రం సెకండ్ హ్యాండ్. వెల్డర్ గారూ, ఆర్డర్ ఇచ్చేముందు ఇంకేమైనా అడగాలా?

#16 ఆటోనగర్ వెల్డర్

రెండు విషయాలు. కింగ్‌పిన్, అంటే ట్రైలర్‌ని పుల్లర్‌కి తగిలించే పిన్ను, 50 మిల్లీమీటర్లది ఉంటుంది, 90 మిల్లీమీటర్లదీ ఉంటుంది. మీ సెకండ్ హ్యాండ్ పుల్లర్ మీద ఆ పిన్ను కూర్చునే టర్న్ టేబుల్ ఏ సైజుదో ముందు కొలిచి ఆ సైజే ఆర్డర్ ఇవ్వండి. టర్న్ టేబుల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కూడా రాసివ్వండి. అది తేడా వస్తే డెక్ ముందుకో వెనక్కో వాలిపోయి, బరువు లెక్క అంతా మారిపోతుంది.

రెండోది, తయారీదారుని డ్రాయింగ్ అడగండి. అందులో మీ మిషన్ ఎక్కడ కూర్చుంటుందో, ఆ స్థానంలో ఒక్కో యాక్సిల్ మీద ఎంత పడుతుందో టన్నుల్లో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. అడగగానే గీసిచ్చేవాళ్లు ఉన్నారు. రేపు మాపు అంటే ఇంకో షెడ్డు చూసుకోండి.